హస్కీల లీష్ తీసేసే హైదరాబాదీ మిత్రులకు బహిరంగ లేఖ

నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్, కొల్లూరు వైపు ఇంకా ఇళ్ళు లేని లేఅవుట్లలోకి తెల్లవారకముందే కార్లేసుకుని వచ్చి, డిక్కీ తలుపు తీసి, లీష్ (పట్టుకునే తాడు) విప్పి "పోరా, ఎంత కావాలంటే అంత పరిగెత్తు" అని హస్కీ జాతి కుక్కను వదిలేసే అన్నలకూ అక్కలకూ, వాళ్ళ వీడియోలు చూసి మనం కూడా వచ్చే ఆదివారం ట్రై చేద్దాం అనుకుంటున్న కొత్త యజమానులకూ నమస్తే.

నేనూ హస్కీనే పెంచుతున్నాను, మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్లో. పేరు లూనా. కాబట్టి ఇది కుక్కలంటే గిట్టని అసోసియేషన్ సెక్రటరీ రాసిన నోటీసు అనుకుని పక్కన పడేయకండి. సూటిగా చెప్తాను: చుట్టూ కంచె లేని చోట, అది ఎంత ఖాళీగా కనిపించినా సరే, ఈ ఊళ్ళో హస్కీ లీష్ తీయకండి. లాబ్రడార్ సంగతి, మన ఇండీ కుక్క సంగతి వేరే, వాటి గురించి వాటిని పెంచేవాళ్ళు మాట్లాడుకుంటారు. నేను మాట్లాడేది హస్కీ గురించి మాత్రమే.

మీరెందుకు వదులుతారో నాకు తెలియక కాదు. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఏసీ కింద పడుకుని, మనం ఆఫీసు నుంచి రాగానే సోఫా మీంచి మొహంలో మొహం పెట్టి ఊళ వేసే కుక్కను చూస్తే ఎవరికైనా పాపం అనిపిస్తుంది, పైగా అది లీష్ లేకుండా చెవులు వెనక్కి పెట్టి నేలకు తగలకుండా పరిగెడుతుంటే ఆ అందం వేరు, అది నేనూ కంచె ఉన్న చోట చూశాను కాబట్టి ఒప్పుకుంటాను. ఇంకా పాపం అనిపించేది డిసెంబర్, జనవరిలో. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందకు దిగే ఆ కొన్ని వారాలే మన హస్కీలకు ఈ ఊరు కాస్త తమ ఊరనిపించే రోజులు. సరిగ్గా అప్పుడే వదిలేవాళ్ళు కూడా ఎక్కువవుతారు. సంక్రాంతికి నిషేధించినా అమ్మే చైనా మాంజా పొలాల్లో, ఖాళీ ప్లాట్లలో పడి ఉండేదీ ఆ రోజుల్లోనే అని కూడా గుర్తు పెట్టుకోండి.

ఇక అసలు మాట. మీరందరూ చెప్పేది ఒకటే, "మావాడు పిలిస్తే వస్తాడు". వస్తాడు, ఆరో నెలలో వస్తాడు, ఎనిమిదో నెలలోనూ వస్తాడు, ఎందుకంటే అప్పటికి మీరే వాడి ప్రపంచం. ఏడాది, ఏడాదిన్నర వయసు వచ్చేసరికి వాడికి వేరే పనులుంటాయి. పిలిస్తే ఆగుతాడు, తల తిప్పుతాడు, సెలవు రోజు మేనేజర్ ఫోన్ వస్తే మనం స్క్రీన్ వంక చూసినట్టు మీ వంక చూస్తాడు, తర్వాత తన దారిన తను పోతాడు. మీ ట్రైనింగ్ తక్కువైందని కాదు, చికెన్ ముక్క చిన్నదైందనీ కాదు. ఈ జాతిని తయారు చేసిన తీరే అది.

సైబీరియా ఈశాన్య కొసన చుక్చీ అనే ప్రజలు తరతరాలుగా పెంచిన, మంచు మీద బండ్లు లాగే కుక్కలివి. 1908, 1909 ప్రాంతంలో బంగారం కోసం జనం ఎగబడ్డ అలాస్కాలోని నోమ్ ఊరికి పందేల కోసం వీటిని తెచ్చారు. మొదట్లో ఇంత చిన్న కుక్కలా అని నవ్వారు, పందేలు గెలవడం మొదలయ్యాక నోళ్ళు మూతబడ్డాయి. 1925లో నోమ్‌లో పిల్లలకు డిఫ్తీరియా సోకినప్పుడు మంచు తుఫానులో మందు చేరవేసిన కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, ఇరవైమంది బండ్లవాళ్ళు, దాదాపు నూటయాభై కుక్కలు, వెయ్యి కిలోమీటర్లు పైన, ఐదున్నర రోజులు. పేరు బాల్టో అనే కుక్కకి వచ్చింది గానీ అందులో అందరికంటే ఎక్కువ దూరం, అందరికంటే ప్రమాదకరమైన దారి నడిచింది లియోనార్డ్ సెప్పాలా బండి, దాని ముందు కుక్క టోగో. అప్పటికి టోగోకు పన్నెండేళ్ళ వయసు. రానూపోనూ కలిపి సుమారు 420 కిలోమీటర్లు, అంటే మనం ఇక్కడి నుంచి కర్నూలు వెళ్ళి తిరిగొచ్చినంత దూరం.

ఆ టోగో కథలో హస్కీ యజమానులు గుర్తుంచుకోవలసిన ముక్కలు వేరే ఉన్నాయి. పిల్లగా ఉన్నప్పుడు వేరేవాళ్ళకు పెంచుకోమని ఇచ్చేస్తే కిటికీ అద్దం పగలగొట్టుకుని దూకి మళ్ళీ సెప్పాలా ఇంటికే వచ్చేసింది. ముసలిదయ్యాక, ఆ మహా పరుగు పూర్తయిన తర్వాత, ఇంకో కుక్కను వెంటేసుకుని రెయిన్‌డీర్ల వెనకాల పడి మాయమైపోయి, తన ఇష్టం వచ్చినప్పుడు తిరిగొచ్చింది. చూడండి, మంచుగడ్డ మీద యజమాని ప్రాణాన్ని తన నోట్లో పెట్టుకుని నడిపించిన కుక్క, ప్రపంచంలో పేరు మోసిన హస్కీ, పన్నెండేళ్ళ అనుభవం, దాన్ని పెంచింది ఆ కాలంలో అందరికంటే గొప్ప బండి నడిపేవాడు. లీష్ లేనప్పుడు జింక కనపడితే అది కూడా పోయింది. మన మిష్కాలు, స్నోయీలు, మా లూనా టోగో కంటే బుద్ధిమంతులా? అలాస్కాలో అప్పుడు లారీలు లేవు కాబట్టి టోగో తిరిగొచ్చింది. మన దగ్గర 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు ఉంది, దాని సర్వీస్ రోడ్డు మీద రాంగ్ రూట్లో వచ్చే టిప్పర్లున్నాయి.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటి చెప్పాలి. హస్కీ తన చరిత్ర అంతా పరిగెత్తింది నిజమే, కానీ తాడు కట్టుకునే పరిగెత్తింది. బండికి కట్టినప్పుడు అది పని, ఎడమా కుడీ వింటుంది, ఆగమంటే ఆగుతుంది, ముందర మంచు పలచగా ఉందనుకుంటే మాత్రం పొమ్మన్నా పోదు. తాడు తీశాక దాని నిర్ణయాలు దానివి. అలాస్కా బండ్లవాళ్ళు కూడా కుక్కల్ని పని లేనప్పుడు కట్టేసే ఉంచుతారు, తాడు తెగి జట్టు వెళ్ళిపోవడం వాళ్ళకు పీడకల. లీష్ పెట్టడం దానికి ద్రోహం అని మనకు అనిపించడమే గానీ, దాని ఒంటికి హార్నెస్ (ఛాతీ పట్టీ) వేసి ముందుకు లాగనిచ్చినప్పుడు దాని తోక చూడండి. బ్రిటన్‌లోని సైబీరియన్ హస్కీ క్లబ్బు ఈ కుక్కను బయట లీష్ లేకుండా వదలొద్దని, అలా వదలగలిగే కుక్క కావాలంటే వేరే జాతి చూసుకోమని కొనకముందే చెప్తుంది. అమెరికా క్లబ్బుదీ అదే మాట. మన దగ్గర అమ్మేవాడు నీలి కళ్ళ గురించి చెప్తాడు, ఈ ఒక్క మాట తప్ప అన్నీ చెప్తాడు.

వేగం లెక్క కూడా ఒకసారి వేసుకోండి. బాగున్న హస్కీ గంటకు నలభై కిలోమీటర్ల వేగాన్ని సులభంగా అందుకుంటుంది, అంటే మీరు "ఓయ్" అని అరిచి, జేబులోంచి ట్రీట్ ప్యాకెట్ తీసేలోపు, పది సెకన్లలో వంద మీటర్లు. ఏ ఖాళీ లేఅవుట్ తీసుకున్నా రోడ్డు వంద మీటర్ల కంటే ఎంత దూరం ఉంటుందో మీరే చెప్పండి.

ఎండ సంగతి మీకు నాకంటే తెలుసు కాబట్టి ఎక్కువ లాగను. ఒక్కటే చెప్తాను, లీష్ లేని కుక్క అలిసిపోతే తనే ఆగిపోతుందిలే అనుకోవడం హస్కీ విషయంలో పనికిరాదు. లాగడానికి, ఆగకుండా పోవడానికి పెంచిన జాతి అది, ఉత్సాహంలో ఉన్నప్పుడు ఒళ్ళు కాలుతున్నా పరిగెడుతుంది. చల్లటి దేశాల్లో బండి కుక్కలు పెంచేవాళ్ళు పదిహేను డిగ్రీలు దాటితే గట్టి పరుగు మానేస్తారు, మనకు పదిహేను డిగ్రీలంటే స్వెటర్ వేసుకునే చలి. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే, మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పి పోగొట్టుకోవాలి, జూలై, ఆగస్టులో గాల్లో తేమ ఎక్కువైతే ఆ రొప్పుడు కూడా సరిగా పని చేయదు. అందుకే మే నెల ఒక్కటే ప్రమాదం అనుకోకండి, ముసురు పట్టిన పొద్దున కూడా వడదెబ్బ తగులుతుంది. ఒంటి వేడి మామూలుగా 101, 102 ఫారెన్‌హీట్ ఉంటుంది, 105 దాటిందంటే వెంటనే మామూలు కుళాయి నీళ్ళు ఒళ్ళంతా పోసి, గాలి తగలనిస్తూ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. ఆ పరుగు మొదలుపెట్టాలంటే ముందు కుక్క మీ చేతికి అందాలి కదా, అది చెరువు అవతలి గట్టు మీద ఉంటే ఏం చేస్తారు? ఇంకో మాట, చల్లగా ఉంటుందని బొచ్చు గీయించేవాళ్ళు దయచేసి ఆపండి, ఆ రెండు పొరల బొచ్చే ఎండ ఒంటికి తగలకుండా ఆపేది. దువ్వండి చాలు.

వీధికుక్కల దగ్గరికి వస్తాను. నన్నడిగితే హైదరాబాద్‌లో హస్కీని వదలకూడదనడానికి ఇదే అన్నిటికంటే పెద్ద కారణం, మనవాళ్ళు సరిగ్గా ఆలోచించని కారణం కూడా ఇదే. మన వీధికుక్కలకు సందు సందుకూ హద్దులున్నాయి. చట్టం కూడా ఆ హద్దుల్ని అలాగే ఉంచుతుంది, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం మున్సిపాలిటీవాళ్ళు పట్టుకెళ్ళిన కుక్కకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవి కొస కత్తిరించి, మళ్ళీ పట్టుకున్న చోటే వదలాలి. అంటే ఈ మలుపు దగ్గర ఉన్న నల్లకుక్క, దాని నలుగురు తమ్ముళ్ళు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటారు, ఆ మలుపు వాళ్ళది. ఖాళీ లేఅవుట్ మీకు ఖాళీ, వాళ్ళకు కాదు. కూలీల గుడిసెల దగ్గర అన్నం తినే గుంపొకటి, టీ కొట్టు దగ్గర గుంపొకటి, శీతాకాలంలో పైపుల్లో పిల్లలు పెట్టిన తల్లులు. మీ హస్కీ ఆడుకుందామని దూసుకుపోతాడు. నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక, పాలిపోయిన కళ్ళు, వాటి భాషలో ఇది ఆట పిలుపులా కనిపించదు. మిగతా జాతులు కాస్త తగ్గి తోక ముడుస్తాయి, హస్కీకి తగ్గడం రాదు. ఐదు కుక్కలు ఒకదాన్ని పట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, చెప్పాల్సింది తర్వాత సంగతి: ఆ దట్టమైన బొచ్చు కింద పంటిగాట్లు కనిపించవు, ఏం కాలేదులే అని ఇంటికి తెచ్చుకుంటారు, నాలుగు రోజులకు చీము పట్టి వాసన వచ్చినప్పుడు తెలుస్తుంది, వానాకాలమైతే పురుగులు కూడా. వచ్చిన వెంటనే బొచ్చు పాయలు తీసి చర్మం దాకా చూడండి.

దీనికి మీరిచ్చే జవాబు నేను చాలాసార్లు విన్నాను, "లీష్ ఉంటే మా కుక్క పారిపోలేదు కదా భయ్యా, కట్టేసి కరిపించినట్టే కదా". వినడానికి బాగానే ఉంటుంది. కానీ పరిగెత్తేదాని వెంట పడటం గుంపుకు అలవాటు, మనిషి పక్కన నెమ్మదిగా నడిచేదాని మీద అంత తొందరగా పడవు. లీష్ పొట్టిగా పట్టుకుని, కుక్కను మీకు అవతలి పక్కకు తెచ్చుకుని, మీరు మధ్యలో ఉండి, కళ్ళలోకి చూడకుండా, పరిగెత్తకుండా పక్కకు తిరిగి నడవండి. ఒక గొడుగు దగ్గర పెట్టుకోండి, టక్కున తెరిస్తే కొట్టకుండానే వెనక్కి తగ్గుతాయి. అంతకంటే పనికొచ్చేది, రోజూ ఒకే దారిలో ఒకే టైముకు పోవడం. ఆ వీధిలో వాటికి అన్నం పెట్టే ఆంటీ ఒకరు తప్పకుండా ఉంటారు, ఆమెతో పరిచయం చేసుకుని ఆమె ముందే రెండుసార్లు నడవండి. కొన్ని వారాలకు ఆ గుంపు మిమ్మల్ని చూసి ఆవలిస్తుంది. "వీధికుక్కలకు లేని లీష్ మా కుక్కకెందుకు" అని అడిగేవాళ్ళకు కూడా ఇక్కడే చెప్తున్నా, ఆ వీధికుక్క బస్సు కింద పడకుండా రోడ్డు దాటడం నేర్చుకుని బతికింది, మీది లిఫ్ట్‌లో దిగి కారెక్కి వచ్చింది.

ఇప్పుడు మనుషులు. "ఏం చేయదు అంకుల్, చాలా ఫ్రెండ్లీ" అని దూరం నుంచి అరుస్తూ వస్తారు చూడండి, ఆ మాట దయచేసి మర్చిపోండి. హస్కీ మనుషుల్ని కరిచే జాతి కాదని మనకు తెలుసు, 2024 మార్చిలో కేంద్రం ప్రమాదకరమని రాసిన జాతుల జాబితాలో కూడా హస్కీ లేదు, ఆ ఉత్తర్వును తర్వాత నెలలోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది, అదంతా సరే. ఎదురుగా వచ్చే ఆరేళ్ళ పిల్లకు అవేమీ తెలియవు. దానికి కనిపించేది తోడేలు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును వీధికుక్కలు చంపేసిన వీడియో ఈ ఊళ్ళో చూడని తల్లి లేదు. అదే ఏడాది జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్ళిన కుర్రాడు పెంపుడు జర్మన్ షెపర్డ్ మీదికి వస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఆ కుక్క ఆడుకోవడానికే వచ్చిందేమో, ఎవరికి తెలుసు. మీ కుక్క మంచితనం గురించి ఎదుటి మనిషి మీ మాట నమ్మాల్సిన బాధ్యత ఏమీ లేదు.

ఒక గోరు గీత చాలు, ఆ పిల్లను వాళ్ళమ్మ ఎత్తుకుని కుక్కకాటు టీకాలు వేసే నారాయణగూడ ఐపీఎంకో, దగ్గర్లోని ఏరియా ఆసుపత్రికో వెళ్ళాలి, మీ కుక్క వ్యాక్సిన్ కార్డు మీరు వాట్సాప్‌లో పంపినా వాళ్ళ భయం తీరదు, సూదులు పూర్తయ్యేదాకా రోజుకూలీ పోగొట్టుకుని తిరగాలి. ఇక చట్టం సంగతి అంటారా, భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ చదవండి. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదువేల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 మేలో రహమత్‌నగర్‌లో ఒక హస్కీ మీద మొదలైన ఇరుగుపొరుగు గొడవ కర్రలతో కొట్టుకునేదాకా పోయింది, మనుషులతోపాటు కుక్కా దెబ్బలు తింది, ఆ సీసీటీవీ దృశ్యాలు ఊరంతా చూసింది. తప్పెవరిదో నేను తేల్చబోవడం లేదు. ఊళ్ళో కుక్కల మీద కోపం ఎంత దగ్గరగా ఉందో చెప్తున్నాను.

మనకు ఇంకో స్వార్థం కూడా ఉండాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కుక్కల్ని నిషేధించకూడదని, మూతికి బుట్ట కట్టమని బలవంతం చేయకూడదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెప్తున్నాయి, లిఫ్ట్ విషయంలో, పార్కు విషయంలో మనం వాదించేది ఆ కాగితం పట్టుకునే. అదే కాగితం బయట లీష్ వేయమని కూడా చెప్తుంది. మీరు ఒక్క ఆదివారం వదిలేసిన వీడియో మీ కమిటీ గ్రూపులో తిరిగితే, తర్వాతి మీటింగ్‌లో మాటలు పడేది పదేళ్ళుగా ఒక్క కంప్లయింట్ లేకుండా తన పగ్‌ను నడిపిస్తున్న మూడో ఫ్లోర్ పెద్దావిడ.

నెమళ్ళు, కోళ్ళు, మేకలు. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లో వదిలేవాళ్ళ కోసం ఈ రెండు ముక్కలు. హస్కీకి వేట బుద్ధి పోలేదు, ఇంట్లో పిల్లితో కలిసి పడుకునేది కూడా నాటుకోడి రెక్క కొడితే ఊరుకోదు. గుడి దగ్గర వదిలిన పుంజు, పక్క పొలంవాళ్ళ మేకపిల్ల, ఏది చచ్చినా డబ్బు కట్టి దండం పెట్టి రావచ్చు. నెమలి అయితే అది జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, అక్కడ దండాలు పనిచేయవు. ఫామ్‌హౌస్ కంచె కూడా నాలుగడుగులదైతే దాన్ని కంచె అనకండి. ఆరడుగులు ఉండాలి, కింద తవ్వకుండా రాయో కాంక్రీటో ఉండాలి. ఇవి దూకుతాయి, తవ్వుతాయి, గడియ ఎలా తెరుచుకుంటుందో కూర్చుని గమనిస్తాయి.

మరి ఎక్కడ పరిగెత్తించాలి అంటారు. న్యాయమైన ప్రశ్న. కాలనీ చుట్టూ మూడు చక్కర్లు హస్కీకి సరిపోవని నాకూ తెలుసు. మెడ బెల్టుకు బదులు ఛాతీ దగ్గర భుజాలకు అడ్డం రాని హార్నెస్ కొనండి, మీ నడుముకు ఒక బెల్టు, మధ్యలో కాస్త సాగే తాడు, తెల్లవారకముందు కలిసి జాగింగ్ చేయండి. లాగనివ్వండి, కావాలంటే "ఇప్పుడు లాగొచ్చు" అనడానికి ఒక మాట, మామూలు నడకకు ఒక మాట పెట్టుకుంటే వారంలో తేడా పట్టేస్తుంది. ఖాళీ చోట స్వేచ్ఛగా వాసన చూడనివ్వడానికి లాంగ్ లైన్ అనే పది మీటర్ల పొడవు తాడు ఉంటుంది, దాన్ని ఎప్పుడూ హార్నెస్ వెనక రింగుకే తగిలించండి, మెడకు తగిలిస్తే చివరికి వచ్చి ఆగినప్పుడు మెడకు గట్టి దెబ్బ తగలొచ్చు. చేతికి చుట్టుకోకండి, గ్లవుజులు వేసుకోండి, సర్కారు తుమ్మ ఉన్న చోట ఈ తాడు బయటికి తీయకండి, విప్పదీసేసరికి తెల్లారుతుంది. బటన్ నొక్కితే సాగే సన్నతాడు లీష్‌లు హస్కీకి వద్దు. మెడ బెల్టు విషయంలో ఇంకో తిరకాసు, వీటికి మెడ బొచ్చు లావు, తల సన్నం, వెనక్కి రెండడుగులు వేసి తల లాగేస్తే మామూలు బెల్టు చేతికొస్తుంది. లాగితే కొద్దిగా బిగిసే మార్టింగేల్ బెల్టు తీసుకోండి, హార్నెస్‌కీ బెల్టుకీ రెండిటికీ కలిపి క్లిప్ వేయండి. మైక్రోచిప్, మెడలో ఫోన్ నంబరు బిళ్ళ ఎలాగూ ఉండాలి. బోనాలు, వినాయక నిమజ్జనం, దీపావళి రోజుల్లో డప్పులకూ టపాసులకూ లీష్ వేసిన కుక్కే తెంపుకుపోతుంది.

లీష్ లేకుండానే పరిగెత్తాలి అనుకుంటే, మూసిన చోటు వెతకండి. కొండాపూర్‌లో 2018లో జీహెచ్‌ఎంసీ కట్టిన డాగ్ పార్కు ఉంది, 1.3 ఎకరాలు, చుట్టూ కంచె. ఇంత పెద్ద ఊరికి అలాంటివి ప్రతి వైపూ ఉండాలి, ఉప్పల్‌లో ఉన్నవాడు హస్కీని తీసుకుని కొండాపూర్ రావాలంటే ఆ ట్రాఫిక్‌లో వచ్చేసరికి ఎండెక్కుతుంది. మున్సిపల్ అధికారులెవరైనా ఇది చదువుతుంటే, ఊయలలు, జిమ్ము సామాను కొనే పార్కు బడ్జెట్లోంచి ఓ అరెకరానికి ఆరడుగుల జాలీ, రెండు తలుపుల గేటు, నీళ్ళ కుళాయి పెట్టించండి. లీష్ లేని కుక్కల మీద కంప్లయింట్లు సగం అక్కడే తగ్గుతాయని నా నమ్మకం.

అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ ఊళ్ళో ఇప్పుడు ఏ సందు చూసినా బాక్స్ క్రికెట్ గ్రౌండ్ ఉంది, నాలుగు వైపులా, పైన కూడా వల. శని, ఆదివారాలు రాత్రంతా ఖాళీ ఉండదు గానీ మంగళ, బుధవారాలు తెల్లవారుజామున ఐదు నుంచి ఆరున్నర దాకా అక్కడ వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. మనం నలుగురైదుగురం కలిసి అడిగితే, గంట అద్దె పంచుకుంటే, ఒప్పుకునే ఓనర్లు దొరుకుతారు. వాళ్ళ భయం టర్ఫ్ మీద మూత్రం, తవ్వకం. ముందు బయట నడిపించి పనులు కానిచ్చాకే లోపలికి తెద్దాం, అయినా లోపల దొడ్డికి కూర్చుంటే ఎవరి కుక్కది వాళ్ళే తీద్దాం, చివర్లో పైపు పెట్టి మనమే కడిగి వద్దాం, తవ్వడం మొదలుపెట్టిన కుక్క ఆ రోజుకు ఇంటికి. వెళ్ళగానే వల కింద సందులున్నాయేమో చుట్టూ ఒకసారి చూడాలి, గేటు దగ్గర ఒకరు నిలబడాలి. ఎండొచ్చాక ఆ ప్లాస్టిక్ గడ్డి తారు కంటే ఘోరంగా కాలుతుంది కాబట్టి ఆరున్నరకు అందరం బయటికి.

మియాపూర్, చందానగర్, బాచుపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళుంటే నాతో కలవండి, గ్రౌండ్ ఓనర్‌తో మాట్లాడే పని నాది. మగ కుక్కలు ఒకదానికొకటి పడకపోతే వేరే రోజు పెట్టుకుందాం, వ్యాక్సిన్ కార్డులు మొదటిరోజే తెండి. ఆడకుక్క హీట్‌లో (ఎదలో) ఉంటే మాత్రం ఆ మూడు వారాలు ఇంట్లోనే ఉంచండి, వల ఎంత గట్టిదైనా సరే.